చేపలు లేని సముద్రం

వాసనలకి ఆడ, మగ అని ఎవరు పేర్లు పెట్టారు? తెలుగు వ్యాకరణం ప్రకారం 'వాసన' అమహద్వాచకం. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలనీ, జంతువులనీ, ప్రాణం లేని వస్తువులనీ పక్కన పెట్టి మిగిలినవాటిని మహత్తులన్నాడు. అంటే వ్యాకరణం లెక్కలో నేనూ, చేపా, సాంబ్రాణీ, సెంటూ అందరం ఒకే జట్టు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ సూత్రం చదివి స్నేహితురాళ్ళమంతా పగలబడి నవ్వుకునేవాళ్ళం. కొన్నేళ్ళుగా ఒక సీసా మూత తీసినప్పుడల్లా అదే సూత్రం గుర్తొస్తోంది. వ్యాకరణం ఆడవాళ్ళ జట్టులో పడేసిన సరుకుని మార్కెట్టు తీసుకెళ్ళి మగవాళ్ళ అరలో పెట్టింది.

ఆ సీసా పేరు ఆక్వా డి జో ప్రొఫూమో. ఇటలీ డిజైనర్ జార్జియో ఆర్మాని పేరు మీద 2015లో వచ్చింది. 'ఆక్వా' అంటే నీళ్ళు, 'జో' అంటే జార్జియోకి ముద్దుపేరు, 'ప్రొఫూమో' అంటే పరిమళం. 1996లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయిన ఆక్వా డి జో అనే మగవాళ్ళ సెంటుకి ఇది చిక్కటి రూపం. రెండింటి వెనకా ఉన్నవాడు స్పెయిన్‌లో పుట్టిన అల్బెర్టో మొరియాస్. మూత తియ్యగానే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు పులుపు, దాని వెంట ఉప్పుగాలి. కాసేపటికి రోజ్‌మేరీ, సేజ్, జెరేనియం ఆకుల పసరు. గంట గడిచాక అడుగునుంచి మెల్లగా ధూపం లేస్తుంది, ప్యాచౌలీ మట్టివాసనతో కలిసి. పాత ఆక్వా డి జో మిట్టమధ్యాహ్నం మెరిసే నీళ్ళలా ఉంటే, ఇది పొద్దుగూకాక తడిరాళ్ళ మధ్య ఎవరో ధూపం వేసి వెళ్ళిపోయినట్టుంటుంది. సీసా కూడా నల్లటిదే. సిసిలీకీ ట్యునీసియాకీ మధ్య పాంటెల్లేరియా అనే ద్వీపంలో ఆర్మానికి ఇల్లుండేది. అగ్నిపర్వతం నుంచి పుట్టిన నల్లరాళ్ళ ద్వీపం అది. అక్కడి సముద్రమే ఈ సెంట్లకి ప్రేరణ అని చెప్తారు.

ఈ సీసా మా ఇంటికి వచ్చింది మా తమ్ముడి చేతిమీదుగా. వాడు ఓడలో వంటవాడు. 2019లో సెలవుకి వస్తూ దుబాయ్ ఎయిర్‌పోర్టులో బావకోసం కొన్నాడు. నా సహచరుడికి సెంట్లు పడవు, వరసగా తుమ్ములు. ఊరికే పడి ఉండడం ఎందుకని నేను రాసుకోవడం మొదలుపెట్టాను. "అక్కా, అది మగోళ్ళది" అన్నాడు తమ్ముడు. "మగోళ్ళదని దానికి తెలుసేటి?" అన్నాన్నేను. వాడు నవ్వేశాడు.

కానీ బయట అందరూ నవ్వి ఊరుకోలేదు. అది రాసుకుని నేను పనిచేసే చోటికి వెళ్ళిన కొత్తలో ఒక సహోద్యోగిని చెవి దగ్గరకొచ్చి "మీవారి సెంటా?" అని అడిగింది. ఇంకో రోజు ఓ పెద్దాయన, "పొద్దున్నే ఇద్దరూ కలిసి తయారైనట్టున్నారు" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఇద్దరి మాటల్లోనూ ఉన్నది ఒకటే అర్థం. ఆడదాని ఒంటిమీద మగవాసన ఉందంటే అది ఆమె ఎంచుకున్నది కాదు, ఎవరో మగవాడి ఒంటినుంచి అంటుకున్నది. తనకు నచ్చిన వాసనని తానే కొనుక్కుని, తానే రాసుకుని, దాన్ని తనదిగా మోసుకు తిరిగే ఆడమనిషి వాళ్ళ ఊహలో లేదు.

వాసనల ఆడ మగ విభజన అనాదిగా ఉన్నదా అంటే, లేదు. జర్మనీ కొలోన్ నగరంలో 18వ శతాబ్దం మొదట్లో పుట్టిన 'కొలోన్ నీళ్ళని' ఆడా మగా ఇద్దరూ వాడారు. మన దగ్గర హైదరాబాదు పాతబస్తీలోనూ, ఉత్తరాన కనౌజ్‌లోనూ తయారీదార్లు, దుకాణదార్లు అత్తరుని గులాబీ, మొగలి, ఖస్ అని పువ్వు పేరుతోనో వేరు పేరుతోనో పిలుస్తారు. కనౌజ్‌లో మట్టి పెళ్ళల్ని కాల్చి, వాటి సారాన్ని గంధపునూనెలోకి దింపి తొలకరి వాసన అత్తరు చేస్తారు. తొలకరికి ఆడతనమా మగతనమా? అన్నింటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఓల్డ్ స్పైస్ కథ. మన ఇళ్ళల్లో గడ్డం గీసుకున్న నాన్నల వాసనగా, పక్కా మగసరుకుగా పేరుపడ్డ ఆ పేరుతో అమెరికాలో 1937లో మొదట మార్కెట్లోకి వచ్చింది ఆడవాళ్ళ సెంటు. మగవాళ్ళది ఆ మరుసటేడు, 1938లో వచ్చింది. ప్రకటనలు మారాయి, ఓడ బొమ్మ స్థిరపడింది, మగతనం దానికి అతుక్కుపోయింది.

సముద్రం వాసన సంగతీ అంతే. 1966లో ఫైజర్ కంపెనీలో మందుల కోసం పరిశోధన చేస్తున్న రసాయన శాస్త్రవేత్తలకి ఒక కొత్త పదార్థం తగిలింది. వాసన చూస్తే పుచ్చకాయ కోసినట్టు, కెరటం మీదనుంచి గాలి తోలినట్టు. దానికి కెలోన్ అని పేరు పెట్టారు. రెండు దశాబ్దాలు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1988లో న్యూ వెస్ట్ అనే మగవాళ్ళ సెంటులోకి వచ్చింది. 1990లో అదే పేరుతో ఆడవాళ్ళకి చేసిన సెంటులో మరింత దండిగా పడింది. 1991లో ఎస్కేప్, 1992లో లో డిస్సే, రెండూ ఆడవాళ్ళవే. 1994లో ఆడా మగా ఇద్దరికీ అని చెప్పి సీకే వన్ అనే సెంటు వచ్చింది. అది చేసిన ఇద్దరిలో ఒకడు మన మొరియాసే. ఆర్మాని కంపెనీ కూడా ఆక్వా డి జో పేరుతో 1995లో ముందు ఆడవాళ్ళకి సీసా పెట్టి, మరుసటేడు మగవాళ్ళకి పెట్టింది. ఆ రెండో సీసాయే జగమంతా ఏలింది, మొదటిది వెనకబడింది. చేసే చెయ్యికి వాసనలో ఆడామగా కనిపించలేదన్నమాట. అమ్మే నోటికే కనిపించింది.

1990ల నీటి పరిమళాలన్నీ అమ్మింది ఒకటే మాట, 'శుభ్రం'. కస్తూరి, జవ్వాది, తోలు లాంటి ఒంటివాసనల బరువు దింపేసి, అప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషిలా ఉండడం కొత్త నాగరికత అయింది. చెమట పట్టని ఆఫీసు, ఏసీ గది, ఇస్త్రీ చొక్కా. మన దగ్గరా ఆర్థిక సంస్కరణలతో పాటే ఆ శుభ్రం దిగుమతి అయింది. ఇందులో చిత్రం ఏమిటంటే, శుభ్రానికి గుర్తుగా వాళ్ళు ఎంచుకున్నది సముద్రాన్ని. మా సముద్రాన్ని.

మాది భీమిలి దగ్గర జాలరిపల్లె. నాన్న వేటకెళ్ళేవాడు. అమ్మ చేపలమ్మేది, ఇప్పటికీ అమ్ముతుంది. తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి, పాట పాడుకుని, గంపకెత్తుకుని బస్సెక్కి పట్నం కాలనీల్లో తిరిగి అమ్మి, మధ్యాహ్నం ఇంటికొచ్చేది. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే వంజరం.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు అమ్మకి ఈ సీసా చూపించాను. ఏటిదని అడిగింది. సముద్రం వాసన సెంటు అన్నాను. మణికట్టు మీద ఒక్కసారి కొట్టాను. అమ్మ వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోలేదు. చెయ్యి దూరంగా పట్టి, కాసేపు ఆరనిచ్చి, అప్పుడు దగ్గరికి తెచ్చింది. "పుచ్చకాయ కోసినట్టుగుందే" అంది. ఇంకాసేపాగి, "ఇందల సముద్రం ఏదే? సముద్రవైతే కూసింత నాచు కంపుండాల, సేపుండాల. ఏటీ నేదు. ఒట్టి గాలి" అంది. అరగంట పోయాక తనే మళ్ళీ చూసుకుని, "ఇప్పుడు బాగుంది. సాంబ్రాణి యేసినట్టుంది" అని మెచ్చుకుంది.

పరిమళాల పరిశ్రమలో సెంటు కూర్చేవాళ్ళని 'ముక్కు' అని పిలుస్తారు. ఫ్రెంచి భాషలో ఆ మాట పెద్ద బిరుదులాంటిది. కాయితం పట్టీ మీద చుక్క వేసి, ఆల్కహాల్ ఎగిరిపోనిచ్చి, తొలి వాసన, నడిమి వాసన, అడుగు వాసన విడివిడిగా చూడడం వాళ్ళకి ఏళ్ళ తరబడి నేర్పుతారు. అమ్మ ఎవరూ నేర్పకుండానే ఆ పద్ధతిలోనే చూసింది. కెలోన్ పేరు వినకుండానే పుచ్చకాయని పట్టుకుంది. ఆమెది కూడా ముక్కుతో బతికే వృత్తే మరి. వేలం దగ్గర మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి ఇది రాత్రి వేటదా, నిన్నటిదా, ఐసులో ఎన్నాళ్ళున్నదా అని చెప్పేస్తుంది. కానాగంత ఎంత తొందరగా పాడవుతుందో, వంజరం ఎంతసేపు ఆగుతుందో, ఉప్పు ఎప్పుడు పెట్టాలో, ఎండుచేప ఏ వాన మబ్బుకి బూజు పడుతుందో అన్నీ ఆమె ముక్కుకి తెలుసు. ఆ అంచనా తప్పితే ఆ పూట పెట్టుబడి పోతుంది. ఈ జ్ఞానానికి పారిస్‌లో జీతం ఉంటుంది. మా ఊళ్ళో దీన్ని జ్ఞానమనే ఎవరూ అనరు.

పైగా ఆ వాసనే ఆమెకి శిక్ష అయింది. ఇక్కడ కాస్త రసాయన శాస్త్రం చెప్పాలి. అప్పుడే పట్టిన సముద్రపు చేప కంపు కొట్టదు. ఉప్పునీళ్ళలో బతకడానికి వీలుగా దాని ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనం చేపకంపు అనేది ప్రధానంగా దాన్నే. చేతులకి చింతపండో నిమ్మచెక్కో రుద్దితే పులుపు దాన్ని ఎగరకుండా కట్టేస్తుంది. మా అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి నాకూ వచ్చిన చింతపండు వైద్యం వెనక ఉన్నది ఇదే. చేపకంపు అంటే ఒక కులం ఒంట్లో పుట్టిన గుణం కాదు. చేప ఒడ్డుకి చేరినప్పటినుంచి కొన్నవాళ్ళ కంచంలో పడేదాకా గడిచిన కాలం అది. ఆ కాలాన్ని గంపలో నెత్తిన పెట్టుకుని మోసేది ఆడవాళ్ళు. వేటకెళ్ళే మగవాడి ఒంటిమీద సముద్రం ఉంటుంది. అమ్మే ఆడదాని ఒంటిమీద కుళ్ళబోయే సరుకు ఉంటుంది. మా పల్లెలో కూడా మగవాళ్ళ ఉప్పుచెమటని 'ఏటగాడి వోసన' అని గొప్పగా చెప్పుకునేవాళ్ళున్నారు. ఆడవాళ్ళ చీరల వాసన గురించి అలా చెప్పుకున్నవాళ్ళని నేను వినలేదు.

గంపతో బస్సెక్కాలంటే రోజూ ఒక యుద్ధం. కొందరు కండక్టర్లు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఎక్కనిచ్చినవాళ్ళు వెనక్కి పొమ్మనేవాళ్ళు. వెనక కూడా పక్కసీటు ఖాళీగానే ఉండేది. గంప కింద నీళ్ళు కారకుండా అమ్మ ప్లాస్టిక్ సంచులు పరిచి, దానిమీద గోనె వేసి, కాళ్ళు అడ్డం పెట్టుకుని కూచునేది. అదే కాలనీల్లోని ఇళ్ళవాళ్ళు గుమ్మంలో ఆమె చేత చేప కోయించుకుని, పొలుసు తీయించుకుని, ఆమె నిలబడ్డ చోట నీళ్ళు కొట్టి కడుక్కునేవాళ్ళు. చేప లోపలికి వెళ్ళేది. చేపని తెచ్చిన చెయ్యి గుమ్మం దగ్గర ఆగిపోయేది.

హాస్టల్లో నా వంతు వచ్చింది. ఎమ్మే చదివే రోజుల్లో సెలవలకి ఇంటికెళ్ళి వచ్చిన ప్రతిసారీ నా గదిలో ఉన్న అమ్మాయి, నేను సంచి కింద పెట్టీపెట్టకముందే అగరొత్తి వెలిగించేది. నా సంచిలో ఎండుచేపలు ఉన్నప్పుడూ వెలిగించింది, లేనప్పుడూ వెలిగించింది. ఒక్క మాట అనేది కాదు. ఎంతో మర్యాదగా, దేవుడి పటం ముందు పెట్టేది. మర్యాదగా వెలిగించిన ఆ అగరొత్తికి నా దగ్గర జవాబు లేకపోయింది. దెబ్బలాడాలన్నా దేనిమీద దెబ్బలాడాలి, భక్తి మీదా? అప్పటినుంచి ధూపం నాకు రెండర్థాల వస్తువు. ఒకటి మా ఇంటి వాసన. రెండోది నన్ను చెరిపెయ్యడానికి వేసిన పొగ.

వాసన మీద కట్టిన ఈ అంటుగోడ మన దేశానికి మాత్రమే సొంతమని కాదు. ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ కోర్బిన్ 1982లో రాసిన పుస్తకంలో, 18, 19 శతాబ్దాల ఫ్రాన్స్‌లో ధనికులు తమ ఒంటి, ఇంటి వాసనని కడిగేసుకునే కొద్దీ కంపు అనేది పేదవాళ్ళ గుర్తుగా ఎలా మారిందో వివరించాడు. కింది తరగతుల వాళ్ళు వాసనేస్తారని తన వర్గం పిల్లలకి చిన్నప్పటినుంచే నేర్పేవాళ్ళని జార్జ్ ఆర్వెల్ 1937లో రాశాడు. ఆలోచనలోని తేడాల్ని వాదించి దాటొచ్చుగానీ, ముక్కు నేర్చుకున్న అసహ్యాన్ని దాటడం కష్టమన్నది అతని బాధ. మన దగ్గర ఆ వర్గం మీద కులం కూడా కూచుంది, దానిమీద ఆడతనం కూచుంది. చేపలమ్మే ఆమెని మూడు రకాలుగా దూరం పెట్టడానికి ఒక్క ముక్కు చాలు.

ఇక ధూపం గురించి. పెర్ఫ్యూమ్ అనే మాటకి లాటిన్ మూలం 'పొగ ద్వారా' అని చెప్తారు. అంటే సెంటు అనేది మొదట్లో పొగే. ప్రొఫూమోలో అడుగున పొగలా పరుచుకునే ఆ ధూపం వాసనకి మూలం బోస్వెల్లియా జాతి చెట్ల బంక. ఒమన్‌లోని ధోఫార్, సోమాలియా తీరం, ఇథియోపియా వాటికి పుట్టిళ్ళు. బెరడు మీద చిన్న గాటు పెడితే పాలు కారి, కొన్నాళ్ళకి గట్టిపడి కన్నీటిచుక్కల్లా వేలాడుతుంది. వ్యాపారంలో కూడా వాటిని 'కన్నీళ్ళు' అనే పిలుస్తారు. మన అడవుల్లోని అందుగు చెట్టు ఆ కుటుంబానికి చెందినదే. దాని బంకని పరంగి సాంబ్రాణి అంటారు. మనం రోజూ సాంబ్రాణి అని నిప్పుల మీద చల్లేది మాత్రం ఎక్కువగా వేరే చెట్టుది, సుమత్రా వైపునుంచి సముద్రం దాటి వచ్చినది.

సోమాలిలాండ్ కొండల్లో చెట్టెక్కి గాటు పెట్టేది ఎక్కువగా మగవాళ్ళు. ఆ బంకని ఊళ్ళోకి తెచ్చాక బెరడూ మట్టీ ఏరి, రంగునిబట్టి, పెద్ద చిన్న చూసి, రకాలుగా వేరు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. గోదాముల్లో నేలమీద కూచుని రోజంతా ఏరతారు. ఈ దృశ్యం గురించి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా ఒడ్డున వలనుంచి చేపల్ని విడదీసి, రకాలుగా ఏరి కుప్పలు పోసే చేతులు కూడా ఆడవాళ్ళవే. రెండు ఒడ్డుల మధ్య అరేబియా సముద్రముంది, కూచునే తీరు మాత్రం ఒకటే. 2019లో వెలువడిన ఒక పరిశోధన, ఇథియోపియా చుట్టుపక్కల ఈ చెట్లు ముసలివై, కొత్త మొక్కలు ఎదగక, రెండు దశాబ్దాల్లో ధూపం దిగుబడి సగానికి పడిపోవచ్చని హెచ్చరించింది. పశువులు మొలకల్ని మేసెయ్యడం, నిప్పు, మితిమీరి గాట్లు పెట్టడం కారణాలట. చెట్టు మీద పెట్టే గాటుకి లెక్కుంది, సీసా ధరకీ లెక్కుంది. మధ్యలో ఏరిన చేతికే లెక్క లేదు. సెంటు డబ్బా మీద పదార్థాల జాబితా చదవండి. ఆల్కహాల్, పార్ఫమ్, నీళ్ళు, లిమోనీన్, లినలూల్ అని ఉంటుంది. సముద్రమూ, ధూపమూ, ఆకులూ, ఏరిన చేతులూ అన్నీ 'పార్ఫమ్' అనే ఒక్క మాటలో మాయమైపోతాయి.

ఇళ్ళల్లో సాంబ్రాణి కూడా ఆడవాళ్ళ పనే. బాలింతకి తల ఆరబెట్టడానికి, పసిబిడ్డకి నీళ్ళు పోశాక పొగ చూపించడానికి, శుక్రవారం ఇల్లంతా తిప్పడానికి నిప్పులు రాజేసి, బుడ్డీ పట్టుకుని, కళ్ళు మండుతుంటే తిరిగేది వాళ్ళే. మా పల్లెలో కొత్త తెప్పని నీళ్ళలోకి దింపేముందు పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మని తలుచుకుని, తెప్పకీ వలకీ సాంబ్రాణి పొగ వేస్తారు. బుడ్డీ పట్టుకునేది ఆడవాళ్ళు, తెప్ప ఎక్కేది మగవాళ్ళు. ఆ పొద్దుటిపూట ఉప్పుగాలీ, నాచూ, తడివల, తారూ, సాంబ్రాణీ అన్నీ కలిసిన వాసన ఒకటి మా ఒడ్డు నిండా పరుచుకునేది. సముద్రాన్నీ ధూపాన్నీ కలపడం ప్రొఫూమోలో గొప్ప ఊహ అని పొగుడుతుంటారు. గొప్పదే, నాకూ ఇష్టమే. కానీ ఆ కలయికకి మా ఆడవాళ్ళ పేరు ఎవరూ పెట్టలేదు.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసిందో కూడా చూడాలి. కామశాస్త్ర గ్రంథాలు ఆడవాళ్ళని పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని విడగొట్టినప్పుడు ఒంటి వాసన ఒక ముఖ్యమైన కొలత. పద్మినిది తామరపువ్వు వాసన, హస్తినిది ఏనుగు మదజలం వాసన. మగవాళ్ళని కుందేలు, ఎద్దు, గుర్రం అని విడగొట్టినప్పుడు చూసింది ప్రధానంగా శరీర పరిమాణం. వాసన చూసేవాడు మగవాడు, వాసన చూపించుకోవాల్సింది ఆడది. మన ప్రబంధాల్లో నాయిక నిట్టూర్పుకి తుమ్మెదలు మూగడం దీని కొనసాగింపే. నాయకుడి ఒంటికి ఏ వాసన ఉందో అన్ని పేజీల్లోనూ వెతుక్కోవాలి.

అన్నింటికన్నా నన్ను వెంటాడేది సత్యవతి కథ. మహాభారతం ఆదిపర్వంలో ఆమె చేప కడుపున పుట్టి, దాశరాజు ఇంట పెరిగి, యమునలో పడవ నడిపే పిల్ల. ఒంటికి చేపవాసన కాబట్టి మత్స్యగంధి. పడవెక్కిన పరాశరుడు ఆమెని కోరతాడు. పగటివేళ, రెండు ఒడ్డులా మనుషులున్నారు, తండ్రి చాటు పిల్లనంటుంది. అతను మంచు కల్పిస్తాడు. కన్యాత్వం చెడదని మాట ఇస్తాడు. ఆమె కోరుకున్న వరం ఒంటికి మంచి వాసన. ఆమడ దూరం పరిమళించే యోజనగంధి అవుతుంది. తరవాత ఆ వాసన పట్టుకునే శంతన మహారాజు వెతుక్కుంటూ వస్తాడు. జాలరి పిల్ల హస్తినాపురానికి రాణి అవుతుంది. కురువంశం ఆమె కోడళ్ళ ద్వారా, ఆమె కొడుకు వ్యాసుడి ద్వారానే నిలబడుతుంది.

ఈ కథని క్లాసులో అదృష్టం వరించిన కథగా చెప్తారు. నాకు మాత్రం అది ధరల పట్టికలా కనిపిస్తుంది. చేపవాసన పోవాలంటే ఒక ఋషికి లొంగాలి. ఆ వాసన పోతేనే రాజు చూస్తాడు. వాసన పోగొట్టుకోకుండా ఆమె పడవ నడుపుకుంటూ, రోజూ వందమందిని ఒడ్డుకి చేర్చుకుంటూ గౌరవంగా బతికే దారి కథలో లేదు. ఆమెని పడవలో పక్కన కూచోబెట్టుకోవాలనుకున్న ఋషికి చేపవాసన అడ్డు రాలేదన్నది కూడా గమనించాలి. ఆ క్షణానికి అడ్డురాని వాసన వంశానికీ, సింహాసనానికీ అడ్డొచ్చేదే. మా కాలనీల గుమ్మాలు ఆ కథకి దూరంగా ఏమీ లేవు.

ప్రొఫూమో తయారీ ఇప్పుడు ఆగిపోయింది. 2023లో ఆక్వా డి జో పార్ఫమ్ అనే కొత్త సీసా ఆ స్థానంలోకి వచ్చింది. అందులోనూ సముద్రం, ధూపం ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఆర్మాని 91 ఏళ్ళ వయసులో చనిపోయాడు. సెంట్ల వ్యాపారం 1988 నుంచీ లోరియాల్ కంపెనీ చేతిలోనే ఉంది కాబట్టి అది నడుస్తూనే ఉంటుంది. నా సీసాలో అడుగున ఇంకో వేలెడు మిగిలింది. అయిపోయేదాకా రాసుకుంటాను. ఈ వాసన నాకు నప్పుతుంది. ఎవరైనా మీవారిదా అని అడిగితే, కాదు నాదే అని చెప్తున్నాను. మగవాళ్ళ అరనుంచి ఒక సీసా తెచ్చుకోవడం పెద్ద తిరుగుబాటని నేననుకోవడం లేదు. డబ్బులుంటే ఎవరైనా తెచ్చుకోవచ్చు. నా ఉద్యోగం, నా డిగ్రీ, నా భాష నాకు ఆ వెసులుబాటు ఇచ్చాయి. నా ఒంటిమీద సముద్రం ఉంటే ఇప్పుడు దాన్ని అభిరుచి అంటున్నారు. మా అమ్మ ఒంటిమీద ఉంటే కంపంటున్నారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు. అమ్మ మాత్రం ఎండుచేపల గంప ఎత్తుకుంటుంది. ఎండుచేప వాసన పచ్చిచేపకన్నా ఘాటు. ఆ రోజుల్లో బస్సులో గొడవలు కూడా ఎక్కువ. సెంటు కొనిస్తానని తమ్ముడు ఎన్నోసార్లు అన్నాడు. "నాకెందుకురా" అంటుంది. నిజమే, ఆమెకి సెంటు అక్కర్లేదు. టిక్కెట్టు కొన్న బస్సులో, గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచోడానికి ముందు వరసలో ఒక సీటు కావాలి.